తమ్ముడు మిషన్‌లో బాగా డీలా పడిపోయాడు, సోమవారం ఫోన్‌లో ఏం మాట్లాడాలి?

గోదావరి_అక్క

మా తమ్ముడు మా మోర్మన్ సంఘం తరఫున ఢిల్లీ మిషన్‌లో ఉన్నాడు, అంటే రెండేళ్ళు ఇల్లు వదిలి సువార్త చెప్పే పని, వెళ్ళి ఐదారు నెలలైంది. మొదట్లో ప్రతి సోమవారం వీడియో కాల్‌లో గలగలా మాట్లాడేవాడు. కంపానియన్ (వాడితో జతగా ఉండే మిషనరీ) రొట్టెలు మాడ్చేశాడనీ, మెట్రోలో ఒక తెలుగు అంకుల్ బ్యాడ్జి చూసి "మీది ఏ కంపెనీ బాబూ" అని అడిగాడనీ, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేవాడు. ఈమధ్య మాట తగ్గిపోయింది. పోయిన వారం అమ్మ వంటింట్లోకి వెళ్ళగానే గొంతు తగ్గించి "అక్కా, నేనిక్కడ ఉండి ఎవరికీ ఉపయోగం లేదు, నా టైమూ దండగ, నాన్న డబ్బూ దండగ" అన్నాడు. వాళ్ళు బోధిస్తున్న ఒక కుటుంబం బాప్తిస్మానికి తేదీ కూడా అనుకుని, ఆఖరి వారంలో ఫోన్ ఎత్తడం మానేసిందట. ఆ ఇంట్లో చిన్నపిల్ల వీడికి బాగా మాలిమి.

అమ్మకి చెప్తే అన్నం మానేస్తుంది. బిషప్ గారికి చెప్తే వాడు ఇంక నాతో ఏదీ చెప్పుకోడు. మిషన్ చేసి వచ్చినవాళ్ళు చెప్పండి, ఆ రోజుల్లో ఇంటి నుంచి ఏ మాట వింటే మీకు ఓపిక వచ్చింది, ఏ మాట వింటే ఇంకా కుంగిపోయారు?

సికింద్రాబాద్_పాత_ఎల్డర్

అమ్మా, మీ తమ్ముడు అన్న మాట దాదాపు యథాతథంగా ఇంతకుముందు ఒకాయన అన్నదే. 1933లో గోర్డన్ బి. హింక్లీ గారు మిషనరీగా ఇంగ్లండులో ప్రెస్టన్ అనే ఊరికి వెళ్ళారు. వినేవాళ్ళు లేరు, ఎదురు తిరిగేవాళ్ళే ఉన్నారు. నా సమయం, మీ డబ్బు వృథా అవుతున్నాయని తండ్రికి ఉత్తరం రాశారు. నిన్ను నువ్వు మరిచిపోయి పనిలోకి దిగు అని తండ్రి ఒక్క ముక్కలో జవాబు రాశారు. అదే రోజు పొద్దున ఆయన మార్కు 8:35 చదివి ఉన్నారు, నా కోసం ప్రాణం పోగొట్టుకునేవాడే దాన్ని రక్షించుకుంటాడు అన్న వచనం. ఆ ఉత్తరం చేత్తో పట్టుకుని గదిలో మోకరించి, అలాగే చేస్తానని దేవుడికి మాట ఇచ్చారు. ఆ కుర్రాడే 1995 నుంచి 2008 వరకు సంఘానికి అధ్యక్షుడు.

నా అనుభవమూ అంతే. ఊరికే కూర్చుంటే దిగులు ఎక్కువవుతుంది. పొద్దున ఆరున్నరకు లేవడం, చదువుకోవడం, బయటికి వెళ్ళడం, ఇది తప్పకుండా చేస్తే మనసు దానంతట అదే దారికి వస్తుంది. మీరు జాలిపడితే వాడు ఇంకా మెత్తబడతాడు. గట్టిగా నిలబడమని చెప్పండి.

ఉప్పాడ_కెరటం

అన్నా, ఆ కథ చెప్పేవాళ్ళు ఒక ముక్క వదిలేస్తారు. ఇంగ్లండు చేరేసరికి తనకు ఒంట్లో బాగోలేదని హింక్లీ గారే చెప్పుకున్నారు. ఆ ఉత్తరం రాసినవాడు సోమరి కాదు, జబ్బుమనిషి. పైగా ఆ జవాబు రాసింది కొడుకు స్వభావం పుట్టినప్పటి నుంచీ ఎరిగిన తండ్రి. ఆ తండ్రి మాట తీసుకొచ్చి ఎవరి పిల్లాడికి పడితే వాడికి చెప్తే ఎలా?

నల్లబ్యాడ్జి

నేను చేసింది ఢిల్లీ మిషనే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మొదట భాష. తెలుగువాడికి హిందీ వచ్చు అనుకుంటాం, సినిమా హిందీ వేరు. ఒకాయన వచ్చి మా నాన్న పోయాడు, ఆయన ఇప్పుడు ఎక్కడున్నాడు అని హిందీలో అడిగితే జవాబు చెప్పడానికి సరిపడే హిందీ వేరు. మొదటి చలికాలం అంతా కంపానియన్ మాట్లాడుతుంటే పక్కన తలాడించడమే నా పని. లోపల చెప్పాల్సింది బోలెడు ఉండి, బయటికి నాలుగు ముక్కలు కూడా రాకపోతే మనిషికి తన మీద తనకే గౌరవం పోతుంది. మీ తమ్ముడు ఐదారు నెలలు అంటున్నారు కదా, సరిగ్గా ఆ సమయంలోనే ఇది కొడుతుంది. కొత్త మోజు పోతుంది, భాష ఇంకా రాదు.

రెండోది, మేం ఇక్కడ వీధుల్లో నిలబడి చెప్పం. సంఘసభ్యులు పరిచయం చేసినవాళ్ళ దగ్గరికి, రమ్మన్నవాళ్ళ దగ్గరికే వెళ్ళేవాళ్ళం. ఎవరూ రమ్మనకపోతే ఆ మధ్యాహ్నం చాలా పొడుగు. ఇస్త్రీ చొక్కా, టై కట్టుకుని, గదిలో ఫోన్ ముందు కూర్చుని, నిన్న రమ్మన్నాయన ఈరోజు ఎత్తడం లేదని చూస్తూ ఉంటాం. తలుపు మొహం మీద వేస్తే కనీసం విషయం తేలిపోతుంది. ఎత్తని ఫోన్ అలా కాదు, ఆశ పోదు, పని జరగదు.

మూడోది వారం చివర లెక్కలు. ఎందరికి బోధించారు, ఎందరు ఆదివారం సంస్కార కూడికకు వచ్చారు, ఎందరికి బాప్తిస్మం తేదీ ఉంది. ఆ గడుల్లో సున్నాలు పెడుతుంటే, ఆ సున్నా మన పేరు పక్కన పెట్టినట్టే ఉంటుంది. మా మిషన్ ప్రెసిడెంట్ గారు ఒకసారి నా కాగితం తిప్పి, వెనకవైపు ఈ వారం నువ్వు చూసిన మంచి ఒకటి రాయి అన్నారు. నేను రాసింది ఏంటంటే, కింద ఇంటి ముసలాయన గ్యాస్ బండ మేడ మీదికి మోశాం అని. ఆయన చాలాసేపు చదివి, ముందువైపు కంటే ఇదే నాకు కావాలి అన్నారు. సున్నాలు ఆ తర్వాతా వచ్చాయి. నిద్ర మాత్రం పట్టింది.

అక్కా, "ఈ వారం ఎన్ని బాప్తిస్మాలు" అని ఇంట్లో ఎవరూ అడక్కండి. మా మేనత్త ప్రతిసారీ అడిగేది. ప్రేమతోనే అడిగేది పాపం. ఆమె ఫోన్ అంటే కడుపులో తిప్పేది.

హార్లిక్స్_ఎల్డర్

నల్లబ్యాడ్జి అన్నా, టీ సంగతి రాయలేదేం? ఉత్తరాదిలో ఏ ఇంటికి వెళ్ళినా కూర్చోకముందే టీ. మన సంఘం నియమం ప్రకారం టీ కాఫీ తాగం అంటే ఆ ఇంటావిడ మొహం వాడిపోతుంది, వేడినీళ్ళు అడిగితే జ్వరమా అంటుంది. ఒక బామ్మ మా కోసం ప్రత్యేకంగా హార్లిక్స్ సీసా కొని అటక మీద పెట్టింది, మేం వెళ్ళినప్పుడు మాత్రమే దింపేది, మనవడు అడిగినా పెట్టేది కాదు. ఆమె బాప్తిస్మం తీసుకోలేదు, తీసుకుంటానని ఎప్పుడూ అనలేదు కూడా. ట్రాన్స్‌ఫర్ వచ్చి వెళ్ళిపోతుంటే ఆ సీసా చేతికిచ్చి ఏడ్చింది. మిషన్‌లో ఆనందం ఏంటని నన్నడిగితే మొదట ఆ బామ్మే గుర్తొస్తుంది.

ఉప్పాడ_కెరటం

మనవడికి కూడా పెట్టని హార్లిక్స్ తాగినవాడివి, నీకు ఆ మిషన్ సఫలమే తమ్ముడూ 😄

ఎల్బీనగర్_నాన్న

నేను మీ సంఘం మనిషిని కాను. మాది వేంకటేశ్వరుణ్ణి కొలిచే ఇల్లు. మా అబ్బాయి కాలేజీలో ఉండగా మీ సంఘంలో చేరాడు, ఇంజనీరింగ్ అయ్యాక చేతికొచ్చిన ఉద్యోగం వదిలి మిషన్‌కి వెళ్ళాడు. నాకు ఇష్టం లేదు, వాడికి ఆ సంగతి తెలుసు. అయినా రోజూ వాడి కోసం దీపం పెడతాను, వాడి ఫోన్ కోసం చూస్తాను.

ఇక్కడ అందరూ రాసింది చదివాను. నాకొకటి అర్థం కాదు. పిల్లవాడు అంత బాధపడుతుంటే ఇంటికి వచ్చెయ్ అనకుండా, ఓర్చుకో అని ఎందుకు చెప్తారు? వాడి స్నేహితులు ఉద్యోగాల్లో చేరారు, ఫోటోలు పెడుతున్నారు. రేపు వీడు ఇంటర్వ్యూకి వెళ్తే ఈ గ్యాప్ ఏంటని అడగరా? దేవుడి పని చేయడానికి ఇల్లు వదిలి రెండేళ్ళు వెళ్ళాలా? కోపంతో అడగడం లేదు. తండ్రిగా అడుగుతున్నాను.

నల్లబ్యాడ్జి

అంకుల్, మీరు అడగాల్సిన ప్రశ్నే అడిగారు. మా నాన్న కూడా ఇదే అడిగారు, ఆయన బాప్టిస్టు పాస్టర్ గారి అబ్బాయి, మా సంఘం అంటేనే పడదు.

ఒకటి చెప్తాను. అక్కడ ఎవరినీ కట్టిపడేయరు. వచ్చేస్తాను అంటే టికెట్ తీసి పంపిస్తారు. ఆ తలుపు తెరిచే ఉందని తెలిసే ఉండిపోయాను. గ్యాప్ గురించి అడుగుతారు, నన్నూ అడిగారు. రెండేళ్ళు రోజూ ఒకే గదిలో, నాకు తెలియని భాష మాట్లాడే ఇంకో మనిషితో కలిసి వండుకుని, ఉతుక్కుని, తెలియనివాళ్ళ ఇళ్ళకెళ్ళి మాట్లాడానని చెప్పాను. ఆ ఇంటర్వ్యూలో మిగతా టైమంతా దాని గురించే అడిగారు. ఉద్యోగం వచ్చింది. అందరికీ అలాగే జరుగుతుందని మాత్రం హామీ ఇవ్వలేను.

ఓర్చుకో అనడం నాకూ ఇష్టం ఉండదు. "నువ్వు ఉన్నా, వచ్చినా మా అబ్బాయివే" అని మీరు ఒక్కసారి అంటే చాలు అంకుల్. మా నాన్న ఆ మాట అన్న రోజు నాకు బాగా గుర్తు. వచ్చేయాలన్న ఆత్రం ఆ రాత్రే తగ్గింది.

బెర్లిన్_చలి

మా అమ్మానాన్నలది విజయవాడ, నేను పుట్టి పెరిగింది అరిజోనాలో. మిషన్ జర్మనీలో. అక్కడ తలుపులు కొట్టే పద్ధతి ఉంది, కాబట్టి నల్లబ్యాడ్జి గారు చెప్పిన దాని రెండోవైపు నేను చూశాను. కాలింగ్ బెల్ కొడితే స్పీకర్‌లో గొంతు వస్తుంది, మనం రెండు మాటలు అనేలోపే క్లిక్‌మని కట్ అవుతుంది. మనిషి మొహం కూడా కనపడదు. పైగా నా రంగు చూసి నువ్వు ఇండియా నుంచి వచ్చి మాకు క్రైస్తవం చెప్తావా అన్నవాళ్ళున్నారు. నవంబరులో సాయంత్రం నాలుగున్నరకల్లా చీకటి. నేను బోధించినవాళ్ళలో బాప్తిస్మం తీసుకున్నవాళ్ళు దాదాపు లేరు.

నన్ను నిలబెట్టింది మోర్మన్ గ్రంథంలో ఆల్మా 26వ అధ్యాయం. అమ్మోను, అతని అన్నదమ్ములు లేమనీయులు అనే జనం మధ్య పద్నాలుగేళ్ళు పనిచేశాక చెప్పుకున్న మాటలవి. మా హృదయాలు కుంగిపోయి వెనక్కి తిరగబోతుండగా ప్రభువు మమ్మల్ని ఓదార్చాడు అంటాడు. అంత పెద్ద మిషనరీలు కూడా ఇంటికి వెళ్ళిపోదాం అనుకున్నారని అందులో దాచకుండా రాశారు. చిన్నప్పటి నుంచి ఆ అధ్యాయంలో సంతోషం గురించిన వచనాలే నాకు చదివి వినిపించారు, ఈ ఒక్కటి అక్కడికి వెళ్ళాకే కంటపడింది. దిగులు పడినందుకు నా విశ్వాసం తక్కువని అనుకోవడం ఆరోజుతో మానేశాను.

ఇంకోటి, మా వార్డులో (స్థానిక సంఘంలో) ఒక ముసలి దంపతులు ఉండేవాళ్ళు, ఆయనకు చూపు పోయింది. ప్రతి పీ-డే (వారంలో సొంత పనులకిచ్చే రోజు) మధ్యాహ్నం మేం వెళ్ళి ఆయనకు ఉత్తరాలు చదివి పెట్టేవాళ్ళం. నా జర్మన్ ఉచ్చారణ ఆయన దిద్దేవాడు. నాకు భాష వచ్చింది ఆ బల్ల దగ్గరే.

రాజోలు_సత్యం

ఒక్క ఆత్మను తెచ్చినా నీ ఆనందం ఎంత గొప్పగా ఉంటుంది అని మన లేఖనం సిద్ధాంతము మరియు నిబంధనలు 18వ ప్రకరణంలో ఉంది కదా. ఒక్కరూ రాకపోతే ఎలా అని మా అబ్బాయి అడిగాడు. ఆ ఒక్క ఆత్మ నువ్వే కావచ్చు కదరా అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత ఏం వండుకున్నావు నాన్నా అని అడిగాడు. అప్పుడు నాకు ధైర్యం వచ్చింది.

లాక్‌డౌన్_సిస్టర్

నా మిషన్ మొదలైన కొద్ది నెలలకే 2020 మార్చి వచ్చింది. ప్రపంచమంతా మిషనరీలను ఇళ్ళకు పంపేశారు, కొందర్ని వేరేచోటికి మార్చారు, మిగిలినవాళ్ళం గదుల్లో ఉండిపోయాం. ఫోన్‌లోనే బోధించాలి. నా కంపానియన్ కోయంబత్తూరు అమ్మాయి, ఆమెకు తెలుగు రాదు, నాకు తమిళం రాదు, ఇద్దరికీ ఇంగ్లిష్ అంతంత మాత్రం. నాలుగు గోడల మధ్య ఇద్దరం. పోట్లాడుకోకుండా ఎలా ఉంటాం? ఎసట్లో ఎంత ఉప్పు వేయాలో కూడా పోట్లాటే.

ఒకరోజు ఆమె బట్టల బ్రష్షుతో నా చొక్కా కాలర్ రుద్దుతూ కనపడింది. నాకు జ్వరం, పడుకుని ఉన్నాను. రిన్ సబ్బు అరిగిపోయి బిళ్ళంత మిగిలితే దాన్ని కాలర్ మీద పెట్టి బొటనవేలితో నొక్కి మరీ రుద్దుతోంది, ఆ మడత దగ్గర మురికి పోదు కదా. అంతకుముందు రోజు ఆమెతో నేను మాట్లాడలేదు. అయినా చేస్తోంది. క్రీస్తు శిష్యుల కాళ్ళు కడిగాడని నేను ఎన్నిసార్లు బోధించానో, అది నా కళ్ళ ముందు జరగడం అదే మొదటిసారి.

గోదావరి_అక్క గారూ, మీ తమ్ముడి కంపానియన్ ఎలాంటివాడో ఒకసారి అడగండి. మిషన్‌లో సగం దిగులు బయటి నుంచి రాదు, గదిలో నుంచే వస్తుంది. ఆనందమూ అంతే.

సగంలో_వచ్చినవాణ్ణి

ఇంతసేపు రాయాలా వద్దా అని ఆలోచించాను. నేను మిషన్ మధ్యలో వచ్చేసినవాణ్ణి.

పాత ఎల్డర్ గారు చెప్పినట్టే చేశాను. ఆరున్నరకు కాదు, ఐదున్నరకే లేచేవాణ్ణి. ఉపవాసాలు ఎక్కువ చేశాను. కంపానియన్ పడుకున్నాక బాత్రూంలో లైటు వేసుకుని వచనాలు బట్టీపట్టేవాణ్ణి. ఎంత చేసినా దిగులు తగ్గలేదు, చేసిన కొద్దీ పెరిగింది. నిరుత్సాహం వేరు, జబ్బు వేరు అని నాకు ఎవరూ చెప్పలేదు. నిరుత్సాహం అయితే ఒక మంచి పాఠం జరిగినా, ఇంటి నుంచి ఫోన్ వచ్చినా కాస్త తేలికపడతాం. నాకు ఏం జరిగినా తేలిక కాలేదు. మేం బోధించిన ఒకాయన బాప్తిస్మం తీసుకున్న రోజు, నీళ్ళలో ఆయన పక్కన నిలబడి ఉన్నాను, అందరూ ఏడుస్తున్నారు, నాకు ఏమీ అనిపించలేదు. అన్నం రుచి తెలిసేది కాదు. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేది. నేను లేకపోతే అందరికీ బాగుంటుంది అన్న ఆలోచన రావడం మొదలైంది.

కంపానియనే గమనించి మిషన్ ప్రెసిడెంట్ గారికి చెప్పాడు. వాడి మీద అప్పుడు మండిపోయాను. ఇప్పుడు వాడు నాకు సొంత తమ్ముడి కంటే ఎక్కువ. ప్రెసిడెంట్ గారి భార్య డాక్టర్ దగ్గరికి పంపించే ఏర్పాటు చేశారు, మందులు మొదలయ్యాయి, ఇంటికి వెళ్ళి కోలుకోవాలని నిర్ణయం అయ్యింది. ఇంటికొచ్చాక మొదటి ఆదివారం కష్టం. గుమ్మంలోనే "అప్పుడే వచ్చేశావేం" అని ఒకాయన అందరి ముందు అడిగారు. ఆ తర్వాత చాలా వారాలు చివరి బెంచీలో కూర్చున్నాను.

కోలుకున్నాక ఇంటి దగ్గరే ఉంటూ సేవా మిషన్ చేశాను. అది కూడా మిషనే, పిలుపు ఉత్తరం అలాగే వస్తుంది.

అక్కా, ఫోన్‌లో వాణ్ణి ఈ నాలుగూ అడుగు. రాత్రి నిద్ర పడుతోందా, తిండి రుచిగా ఉందా, ఈమధ్య దేనికైనా నవ్వావా, చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా. నాలుగోది అడగడానికి భయపడకు, అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. దానికి అవునంటే అదే గంటలో మిషన్ ప్రెసిడెంట్ గారికి ఫోన్ చెయ్యి, వాడికి కోపం వచ్చినా సరే. టెలి మానస్ అని ప్రభుత్వ హెల్ప్‌లైన్ కూడా ఉంది, 14416, తెలుగులో మాట్లాడతారు. అవన్నీ లేవంటే అది మామూలు దిగులే, అందరికీ వచ్చేదే. మిషనరీలకిచ్చే చిన్న పుస్తకంలో ఒత్తిడిని ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు అని నాలుగు రంగుల్లో చెప్తారు, వాడి దగ్గర ఉండే ఉంటుంది. ఏ రంగులో ఉన్నావురా అని అడిగితే సిగ్గుపడకుండా చెప్తాడు. నేరుగా బాగున్నావా అంటే బాగున్నాననే అంటాడు.

లాక్‌డౌన్_సిస్టర్

తమ్ముడూ, ఇది రాసినందుకు నీకు చాలా థాంక్స్. గుమ్మంలో అడిగినాయన మాట మనసులో పెట్టుకోకు అనను, అది తేలిక కాదు. మా వార్డులో అలా వచ్చినవాళ్ళ పక్కన వెళ్ళి కూర్చోవాలని నేనూ మా ఆయనా అనుకున్నాం.

సికింద్రాబాద్_పాత_ఎల్డర్

సగంలో వచ్చినవాణ్ణి అని పేరు పెట్టుకున్నావు, నాకు ఆ పేరు నచ్చలేదు బాబూ. నువ్వు చేసింది పూర్తి మిషనే.

నేను మొదట రాసిన మాట మీద ఇప్పటికీ నిలబడతాను, పనిలో దిగితే చాలామందికి దిగులు తగ్గుతుంది, నేను చూశాను. నువ్వు చెప్పింది దాని పక్కన పెట్టుకోవాల్సిన మాట. ఏలీయా బదరీ వృక్షం కింద కూర్చుని, ప్రభువా ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నప్పుడు (1 రాజులు 19) దేవదూత వచ్చి లేచి పనికి పో అనలేదు. లేచి భోజనం చెయ్యి అన్నాడు. ఏలీయా తిని మళ్ళీ పడుకుంటే పడుకోనిచ్చాడు. రెండోసారి లేపి మళ్ళీ తినమన్నాడు, నీ శక్తికి మించిన ప్రయాణం ఉంది అన్నాడు. ఏం చెయ్యాలో దేవుడు చెప్పింది హోరేబు కొండ దగ్గర, ఇదంతా అయ్యాక. మన పిల్లల్లో ఎవరికి తండ్రి ఉత్తరం కావాలో, ఎవరికి ముందు అన్నం, నిద్ర కావాలో చూసి చెప్పాలి.

ఎల్బీనగర్_నాన్న

ఆ దేవదూత సంగతి నాకు నచ్చింది. ముందు అన్నం పెట్టాడన్నమాట.

చార్మినార్_చరిత్ర

చరిత్ర పిచ్చివాణ్ణి కాబట్టి రెండు ముక్కలు రాస్తాను, మీ తమ్ముడికి చదివి వినిపించండి.

మన మద్రాసులో మోర్మన్ మిషనరీలు మొదట దిగింది 1853లో. వాళ్ళలో రిచర్డ్ బ్యాలెంటైన్ ఒకరు, 1849లో అమెరికాలోని సాల్ట్ లేక్‌లో మన సంఘానికి మొదటి సండేస్కూలు పెట్టింది ఈయనే. భార్యాపిల్లల్ని వదిలి, సముద్రం మీద నెలల తరబడి ప్రయాణం చేసి వచ్చారు. భాష రాదు, చేతిలో డబ్బు లేదు, మద్రాసు ఎండ. కరపత్రాలు అచ్చువేయించి పంచారు. చేరినవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది. ఆరోగ్యం చెడి మరుసటి ఏడే ఆయన తిరిగి వెళ్ళారు. కలకత్తా, బొంబాయి వైపు వెళ్ళినవాళ్ళ సంగతీ ఇంచుమించు అంతే, కొన్నేళ్ళకు దాదాపు అందరూ వెళ్ళిపోయారు. ఆ రోజున లెక్కల గడి నింపితే ఏం వేసి ఉండేవారు?

తర్వాత నూరేళ్ళు దాటాక, 1978 డిసెంబరులో, ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు దంపతులు సమోవా నుంచి మిషన్ మీద హైదరాబాద్ వచ్చి ముందు సొంత బంధువులకే చెప్పారు. ఎల్సీ గారి నాన్నగారు బాప్టిస్టు బోధకుడై ఉండి కూడా, మోర్మన్ గ్రంథంలో ఎంచిన భాగాలను తెలుగులోకి తెచ్చారు, 1982లో అచ్చయింది. 1993లో బెంగళూరు మిషన్ వచ్చింది. 2012లో దేశంలోనే మొదటి స్టేక్ (కొన్ని వార్డులు కలిసిన పెద్ద విభాగం) హైదరాబాద్‌లో ఏర్పడింది. ఆ రోజు నేను ఆ హాల్లో ఉన్నాను. కుర్చీలు చాలక నిలబడ్డాం. ముందు వరుసలో తెల్లజుట్టు ఆడవాళ్ళు కొందరు కూర్చున్నారు, తొలిరోజుల్లో ఎవరింట్లోనో చాప మీద కూర్చుని పాటలు పాడినవాళ్ళు.

నాటినవాడు పంట చూసే వెళ్తాడని లేదు. మీ తమ్ముడికి ఫోన్ ఎత్తని ఆ కుటుంబం మళ్ళీ ఎత్తుతుందో లేదో తెలియదు. ఆ చిన్నపిల్ల మాత్రం పెద్దయ్యాక కూడా తనతో ఆడిన ఎల్డర్‌ని (మగ మిషనరీని) మరిచిపోదు.

ఉప్పాడ_కెరటం

చరిత్ర గారూ, బాగుంది కానీ ఒక్కటి. నూరేళ్ళ తర్వాత ఫలం వస్తుంది అంటే ఇరవై ఏళ్ళ కుర్రాడికి ఈ మంగళవారం ఎలా గడుస్తుంది? వాడికి ఈ వారానికి సరిపడే ఆనందం కావాలి.

చార్మినార్_చరిత్ర

ఒప్పుకుంటాను. ఈ వారం సంగతి హార్లిక్స్ ఎల్డర్, లాక్‌డౌన్ సిస్టర్ చెప్పారు కదా.

తార్నాక_వంటింటి_సిస్టర్

మిషనరీలకు భోజనం పెట్టేదాన్ని నేను, కాబట్టి ఇటువైపు సంగతి కూడా చెప్తాను. పిల్లలు ఏ రోజు దిగులుగా ఉన్నారో నాకు పప్పు వడ్డించేటప్పుడే తెలిసిపోతుంది. దిగులుగా ఉన్నవాడు నెయ్యి వద్దంటాడు. అప్పుడు నేను సువార్త మాట్లాడను. మీ ఇంట్లో పప్పు ఎలా చేస్తారు, మెంతికూర వేస్తారా, గోంగూరా అని అడుగుతాను. వాళ్ళమ్మ గురించి చెప్పడం మొదలుపెడతాడు, ఇంకోసారి వడ్డించుకుంటాడు. మీ తమ్ముడి దగ్గర కూడా అలాంటి ఇల్లు ఒకటి ఉండే ఉంటుంది, లేకపోతే అక్కడి ఉపశమన సమాజం (సంఘంలో ఆడవాళ్ళ సమాజం) వాళ్ళ చెవిన వేయించండి. సంఘసభ్యులు ఇంటికి పిలిస్తే మిషనరీలకు సగం బలం వస్తుంది. పిల్లలు మన ఊళ్ళో ఉన్నప్పుడు మనం చేసేది, వేరే ఊళ్ళో మన పిల్లలకు ఇంకెవరో చేస్తారు.

అన్నట్టు, కాల్ పెట్టేటప్పుడు ఇల్లంతా ఒక్కసారే ఫోన్ ముందు కూర్చోకండి. వాడు అందరి ముందూ నవ్వి పెట్టేస్తాడు. పది నిమిషాలు అక్కవి నువ్వు ఒక్కదానివే మాట్లాడు.

బెర్లిన్_చలి

అవును. 2019 ఫిబ్రవరికి ముందు వెళ్ళినవాళ్ళకు ఈ వారం వారం ఫోనే లేదు, క్రిస్మస్‌కీ, మదర్స్ డేకీ మాత్రమే. మా అన్నయ్య ఈమెయిల్స్‌తోనే గడిపాడు. ఆ సదుపాయం ఉన్నప్పుడు బాగా వాడుకోవాలి.

గోదావరి_అక్క

సోమవారం మాట్లాడాను. ఇక్కడ చెప్పడం నా బాధ్యత అనిపించింది.

అమ్మ మాట్లాడాక ఫోన్ తీసుకుని మేడ మీదికి వెళ్ళాను. ఏ రంగులో ఉన్నావురా అని అడిగాను. ఒక్క క్షణం ఆగి "పసుపు, మొన్న మాత్రం నారింజ" అన్నాడు. నాలుగు ప్రశ్నలూ అడిగాను, చివరిదానికి "ఛ, అంత లేదక్కా" అన్నాడు, వాడి మొహం చూశాను, నిజమే చెప్తున్నాడు. నిద్ర మాత్రం సరిగా పట్టడం లేదట. మిషన్ ప్రెసిడెంట్ గారి భార్యకు ఆ సంగతి చెప్తానని మాట ఇచ్చాడు, సాయంత్రంలోగా చెప్పకపోతే నేనే చెప్తానన్నాను. చెప్పాడు, నాకు మెసేజ్ పెట్టాడు. రేపు డాక్టర్‌తో ఫోన్‌లో మాట్లాడిస్తారట.

నువ్వు ఉన్నా వచ్చినా మా వాడివే అన్నాను. నాన్న చేత కూడా అనిపించాను, నాన్నకు ఇలాంటివి నోటికి రావు, "డబ్బు సంగతి నేను చూసుకుంటాను, నువ్వు అన్నం తిను" అన్నారు, అదే మాట ఆయన భాషలో. వాడు ఏడ్చాడు, తర్వాత కంపానియన్ గురించి చెప్పడం మొదలుపెట్టాడు. మిజోరం అబ్బాయట, గిటార్ వాయిస్తాడట, ఇద్దరూ కలిసి ఆదివారం తెలుగు కీర్తన ఒకటి పాడదామనుకుంటున్నారట. ఆ కుటుంబం ఫోన్ ఇంకా ఎత్తలేదు. ఆ పాపకు పుట్టినరోజు వస్తోంది, ఏమీ బోధించకుండా ఊరికే శుభాకాంక్షలు చెప్పి మెసేజ్ పెడదామని ఇద్దరూ అనుకున్నారు.

ఎల్బీనగర్ అంకుల్, మీ అబ్బాయి ఏ మిషన్?

ఎల్బీనగర్_నాన్న

వాడూ ఢిల్లీయేనమ్మా. మీ తమ్ముడు వాడికి తెలిసే ఉంటాడు. నేను ఈసారి నల్లబ్యాడ్జి గారు చెప్పిన మాట అనేసి చూస్తాను. వచ్చే నెల ఏదైనా పంపుదామనుకుంటున్నాను, ఆవకాయ పంపితే దారిలో సీసా పగులుతుందా?

తార్నాక_వంటింటి_సిస్టర్

సీసా వద్దండి, నూనె కారి పార్సిల్ అంతా పాడవుతుంది. కందిపొడి, కరివేపాకు పొడి రెండు పొరల కవర్లో కట్టి పంపండి. ఇద్దరికీ సరిపడా పంపండి, కంపానియన్ వాటా కూడా లెక్కేసుకుని.